ధర పెరుగుతుంది, కూలి పెంచుతారు

ఎర్ర సిరాతో నేను కొట్టేసిన ఒక వాక్యం గురించి రాస్తున్నాను.

2023 ఆగస్టులో తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం ఆడపిల్లలకు ఇంగ్లీషు పదబంధాల పాఠం చెబుతున్నాను. కొలొకేషన్లు అంటారు వాటిని. ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో నేర్పే పాఠం. మనం కుండపోత వాన అంటాం గాని బిందెపోత వాన అనం, అలాంటిది. ఆ వారం అంశం ఇన్‌ఫ్లేషన్, మన పత్రికల భాషలో ద్రవ్యోల్బణం. సోరింగ్, గాలపింగ్, రన్‌అవే, రాంపెంట్, క్రీపింగ్ అన్నవి ఆ మాటకు ముందు చేరే విశేషణాలు. కర్బ్, టేమ్, రీన్ ఇన్, కంబాట్ అన్నవి దాని మీద ఎవరో చేసే పనులు. ఒక్కో పదబంధంతో ఒక్కో సొంత వాక్యం రాసుకు రమ్మన్నాను. నలభై ఏడు నోటు పుస్తకాలు వచ్చాయి. నలభై ఆరింటిలో ప్రభుత్వమో రిజర్వు బ్యాంకో ద్రవ్యోల్బణాన్ని అదుపు చేసింది. ఒకదాంట్లో మాత్రం 'మై మదర్ కర్బ్స్ ఇన్‌ఫ్లేషన్' అని ఉంది. కొట్టేశాను. ఇక్కడ కర్త ప్రభుత్వం గాని బ్యాంకు గాని కావాలి అని పక్కన రాశాను.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయి వచ్చింది. "గ్రామర్ తప్పా మేడం?" అంది.

"గ్రామర్ తప్పు కాదమ్మా. అట్లా వాడరు."

"ఎవురు వాడరు మేడం? మా ఇంట్లో అదుపు జేసేది మాయమ్మే."

ఎదిరించాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇంగ్లీషు వాళ్ళు అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే అది జవాబు కాదని నాకు తెలుస్తోంది. వాళ్ళది మదనపల్లె దగ్గరి పల్లె. తల్లి టమాటా తోటల్లో కాయలు కోసే కూలి. ఆ నెలల్లో మదనపల్లె మార్కెట్లో ఏం జరిగిందో ఈ వ్యాసం చదువుతున్న వాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని దగ్గరకు వస్తాను. ముందు ఆ పదబంధాల జాబితా సంగతి చూడాలి. పాతికేళ్ళుగా దాన్ని నేర్పుతూ ఒక్కసారీ చదవలేదని ఆ రోజే తెలిసింది.

అది ఒక గుర్రపుశాల. గాలపింగ్ అంటే దౌడు తీస్తున్నది. రన్‌అవే అంటే పగ్గాలు తెంచుకున్నది. రీన్ ఇన్ అంటే పగ్గం లాగడం. కర్బ్ అన్న మాటకు మూలార్థం గుర్రం కింది దవడ మీదుగా, కళ్ళేనికి కలిపి బిగించే గొలుసు. రాంపెంట్ మాత్రం గుర్రం కాదు, పాత యూరపు రాచకుటుంబాల చిహ్నాల మీద వెనక కాళ్ళ మీద లేచి నిలబడ్డ సింహం. మిగిలినవి అగ్గికి సంబంధించినవి. ద్రవ్యోల్బణాన్ని ఎగదోస్తారు, దానికి ఇంధనం పోస్తారు, ఆర్థిక వ్యవస్థ వేడెక్కుతుంది, చల్లబడుతుంది. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో మనం బతికే రూపకాల గురించి రాసిన పుస్తకంలో ద్రవ్యోల్బణాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. కంటికి కనిపించని ఒక పరిణామాన్ని ఒక వస్తువుగా, ఒక జీవిగా మాట్లాడడం మొదలుపెడితే దాన్ని కొలవవచ్చు, నిందించవచ్చు, దానితో యుద్ధం చేస్తున్నామని నమ్మవచ్చు. 1978లో అమెరికాలో రీగన్ దాన్ని దారికాచి కొట్టే దొంగతో, కిరాయి హంతకుడితో పోల్చాడు. దొంగ ఉన్నాడంటే పోలీసు కావాలి, గుర్రం ఉందంటే రౌతు కావాలి. ఆ రౌతు ఎవరో జాబితా ముందే నిర్ణయించి పెట్టింది. మన దేశంలో వడ్డీరేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు ఉంటారు. నేను ఆ వాక్యం కొట్టేసిన నెలలో ఆ ఆరుగురిలో ఒక్కరే స్త్రీ, ఆషిమా గోయల్. వాళ్ళను వర్ణించడానికి కూడా పత్రికలకు మనుషులు దొరకరు. డేగలు, పావురాలు అంటాయి.

ఇదంతా ఇంగ్లీషు సంగతి, మన భాష వేరు అనుకోవాలని ఉంటుంది. ద్రవ్యోల్బణం అన్న మాటనే చూడండి. ద్రవ్యం, ఉల్బణం. ఉల్బణం అంటే మితిమీరినది, ఉప్పొంగినది. ఆయుర్వేదంలో వాతం ప్రకోపిస్తే వాతోల్బణం. ఈ మాట పక్కనే సంస్కృతంలో ఉల్బం అని ఒకటుంది. కడుపులో బిడ్డను కప్పి ఉండే మాయపొర అది. భగవద్గీత మూడో అధ్యాయంలో ఆ అర్థంలోనే వస్తుంది. ఆడదాని శరీరానికి ఇంత దగ్గరగా ఉన్న ఒక మాటకు పక్కింటి మాటను తెచ్చి ఏ ఆడదీ నోటితో అనని పారిభాషిక పదం తయారుచేశారు. మా కాలేజీలో అటెండరుగా పనిచేసే ఆవిడను అడిగాను, ద్రవ్యోల్బణం అంటే ఏంటి అని. "టీవీలో వస్తాది గదా మేడం" అంది. అంతే.

పత్రికల తెలుగు మళ్ళీ ఆ గుర్రపుశాలలోకే వెళ్ళింది. ద్రవ్యోల్బణానికి కళ్ళెం, ధరల దౌడు. సొంతంగా చేర్చినవి రెక్కలు, ఆకాశాన్నంటడం, భగ్గుమనడం. అయితే మనకే సొంతమైన రెండు మాటలున్నాయి, అవి నాకు ఇష్టం. ఒకటి, కొండెక్కడం. తిరుపతిలో ఉన్నవాళ్ళకు కొండ అంటే ఒక్కటే. కొండెక్కడం అంటే దర్శనానికి పోవడం. అక్కడికి ఎక్కినవాళ్ళు సాయంత్రానికో మర్నాటికో దిగి వస్తారు. ధరలు కొండెక్కాయి అంటే దిగిరావని. దీపం కొండెక్కింది అంటే ఆరిపోయిందని, ఆ మాట నోటితో అనకూడదు కాబట్టి ఇలా అంటాం. 2023 జులైలో కూరగాయల బండి దగ్గర ఒకామె "టమాటా కొండెక్కిందిలే, పోదాం పా" అంటే మూడు అర్థాలూ ఒకేసారి వినిపించాయి.

రెండోది, పలకడం. తెలుగులో ధర పలుకుతుంది. కిలో ఇంత పలికింది అంటాం. మదనపల్లె మార్కెట్ యార్డుకు వెళ్ళి చూస్తే పలికేది ధర కాదు. గ్రేడు చేసిన కాయలు బాక్సుల్లో వరసగా పేర్చి ఉంటాయి. మండీ మనిషి పాట మొదలుపెడతాడు, వ్యాపారులు పాడతారు, మండీ వాళ్ళు కమిషన్ పట్టుకుంటారు, లారీలు వేరే రాష్ట్రాలకు బయల్దేరతాయి. పాట, పలుకు, రెండూ నోటి పనులే, ఆ నోళ్ళు చాలావరకు మగవాళ్ళవే. కాయ కోసినవాళ్ళు, ఏరినవాళ్ళు, గంప మోసినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు. అన్నిటికీ చివర మనం చెప్పుకునే వాక్యంలో ఈ ఇద్దరూ ఉండరు. ధర దానంతట అదే నోరు తెరిచి పలుకుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. తెలుగులో ధర పెరుగుతుంది, కూలి పెంచుతారు. పెరగడం అకర్మక క్రియ, ఎవరూ చెయ్యనక్కరలేదు. గడ్డి పెరిగినట్టు, గోరు పెరిగినట్టు ధర పెరుగుతుంది. పెంచడానికి మాత్రం ఒక కర్త కావాలి. కూలి పెంచాడు, జీతం పెంచారు, పింఛను పెంచారు. అంటే ఒకరి దయ, ఒకరి నిర్ణయం. మన చేతిలోంచి పోయేదానికి బాధ్యులు ఉండరు, మన చేతికి వచ్చేదానికి మాత్రం దాత ఉంటాడు. దీనికి మినహాయింపులున్నాయి, అవి ఇంకా ఆసక్తికరం. తిరుమలలో 2020 జనవరి నుంచి దర్శనానికి వచ్చిన ప్రతివారికీ ఒక లడ్డు ఉచితంగా ఇస్తూ, అదనపు లడ్డు 50 రూపాయలు చేశారు. అప్పుడు ఊళ్ళో ఒక్కరు కూడా లడ్డు ధర పెరిగింది అనలేదు, పెంచారు అన్నారు. ఎవరు పెంచారో తెలుసు కాబట్టి. బస్సు చార్జీలూ అంతే, కరెంటు బిల్లూ అంతే. గ్యాసు బండ దగ్గరకు వచ్చేసరికి వాక్యం పార్టీని బట్టి మారుతుంది. అధికార పక్షానికి ధర పెరుగుతుంది, ప్రతిపక్షానికి పెంచారు. ఇంట్లో రెండు దినపత్రికలు వేయించుకునే వాళ్ళు ఎవరైనా సరిచూసుకోవచ్చు. రైతు నోట కూలి కూడా పెరుగుతుంది, "కూలి రేట్లు పెరిగిపోయినాయి" అంటాడు. ఎప్పుడంటే అది తనకు ఖర్చయినప్పుడు. ఈ రెండు క్రియల మధ్య తేడా వ్యాకరణం కాదు, ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారు అన్నది.

2022 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ ఏడు జిల్లాల విభజనలో వేరైన మదనపల్లెలో 2023 జులై చివరికి మేలురకం టమాటా కిలో 200 రూపాయల దగ్గరకు వెళ్ళింది. రాష్ట్ర ప్రభుత్వం రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. వరసల్లో నిలబడ్డ ఆడవాళ్ళ ఫొటోలు వచ్చాయి. టమాటాతో కోటీశ్వరులైన రైతుల కథలు వచ్చాయి. దేశం మొత్తానికి ఆ జులై చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం, తిండి వరకే చూస్తే 11.51 శాతం. ఆ అంకెల కింద నా విద్యార్థిని తల్లి రోజంతా టమాటా కోసి, సాయంత్రం ఇంటికొచ్చి చింతపండు పులుసు కాచింది. ఇది ఆ అమ్మాయే చెప్పింది, మామూలుగా, విశేషమేమీ లేనట్టు. కోసిన కాయలు నాలుగు తెచ్చుకోవచ్చు కదా అంటే, "ఆ నెల రోజులూ గంపలు ఎంచుకునేవాళ్ళు మేడం, మామూలప్పుడైతే ఎవురూ అడగరు" అంది.

ఈ కథకు రెండో సగం కూడా ఉంది. దానికి జాబితాలో మాటలే లేవు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు ధర పడిపోయిన ఏళ్ళలో కోత కూలి కూడా రాదని కాయను చెట్టు మీదే వదిలేయడం, తెచ్చిన సరుకు రోడ్డు పక్కన పారబోయడం కొత్త కాదు. అది ఇంగ్లీషు ఆర్థిక వార్తలో ఎలా వస్తుంది? ద్రవ్యోల్బణం ఈజ్ అయింది, కూల్ అయింది. మన పత్రికలో ఊరట. 2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. ఆ సూచీ మొదలైనప్పటి నుంచీ అదే అతి తక్కువ. తిండి ధరలైతే అంతకుముందు ఏడాది కంటే 5 శాతం తక్కువ. కొనేవాళ్ళకు నిజంగా ఊరటే, నాకూ ఊరటే. కోసేవాళ్ళకు ఆ అంకె వెనక పని లేని రోజులు ఉండవచ్చు. కొనుక్కు తినేదీ ఆమే, కోసి బతికేదీ ఆమే అయినప్పుడు ఊరట అన్న మాటను ఆమె ఏ చెవితో వినాలి? పదబంధాలన్నీ కొనేవాడి వైపు నిలబడి తయారైనవి. అదీ నగరంలో కొనేవాడు.

ఇంకో పదబంధం గురించి చెప్పకపోతే నా కోపం తీరదు. కోర్ ఇన్‌ఫ్లేషన్. కోర్ అంటే నడిమి గుజ్జు, అసలైనది. మొత్తం ద్రవ్యోల్బణంలోంచి తిండినీ ఇంధనాన్నీ తీసేస్తే మిగిలేది అదట. అంటే బియ్యం, బ్యాళ్ళు, ఎర్రగడ్డలు, గ్యాసు, కట్టెలు, అన్నీ పోవాలి. వంటింటిని పూర్తిగా ఊడ్చేశాక మిగిలినదానికి అసలు అని పేరు. తిండి ధరలు వానను బట్టి ఎగిరి పడుతుంటాయి, వడ్డీరేటుతో వాటిని ఆపలేం, అందుకే పక్కన పెడతాం అని ఆర్థికవేత్తలు చెబుతారు. ఆ తర్కంలో నిజముంది, కాదనను. రిజర్వు బ్యాంకు 4 శాతం లక్ష్యం తిండిని కలుపుకున్న సూచీ మీదే పెట్టుకుంది కూడా. కానీ 2024 జులైలో వచ్చిన ఆర్థిక సర్వే తిండిని మినహాయించిన లక్ష్యం గురించి ఆలోచించాలని సూచించింది. 2012 ఆధారంగా కట్టిన సూచీలో తిండి, పానీయాల వాటా 45.86 శాతం. దాదాపు సగం. సగం బతుకును తీసేసి దాన్ని చిల్లర అంటే ఒప్పుకునేదాన్నేమో. మిగిలినదాన్ని అసలు అనడమే ఒప్పుకోలేను.

ఈ భాషలో ఆడవాళ్ళు అసలు లేరా అంటే, ఉన్నారు. బాధితుడు ఎప్పుడూ సామాన్యుడు, పుంలింగం, విరిగేది అతని నడ్డి. స్త్రీ గృహిణిగా వస్తుంది, ఉల్లిపాయ కొయ్యకుండానే కన్నీళ్ళు పెట్టుకుంటుంది. వార్తలకు ఆ శీర్షిక ఎన్నేళ్ళుగా పెడుతున్నారో లెక్కలేదు. 1998లో ఢిల్లీ ఎన్నికల్లో సుష్మా స్వరాజ్ ఓడి షీలా దీక్షిత్ గెలిచినప్పుడు కూడా ఉల్లి గద్దె దింపింది అనే చెప్పుకున్నాం. ఓటు వేసిన ఆడవాళ్ళు వాక్యంలోంచి మాయమై కూరగాయ కర్త అయింది. ఇక మన వారపత్రికల కార్టూన్లు. సంచీనిండా డబ్బు తీసుకెళ్ళి జేబులో సరుకులు తెచ్చే మొగుడు, గుమ్మంలో అప్పడాల కర్రతో పెళ్ళాం. ఆ కర్ర ఎప్పుడూ మొగుడి నెత్తి మీదకే. 1972లో కరువు రోజుల్లో బొంబాయిలో మృణాల్ గోరే, అహిల్యా రంగ్నేకర్ వంటివాళ్ళు ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా పార్టీలకు అతీతంగా స్త్రీల ఐక్యవేదిక కట్టారు. వేలమంది ఆడవాళ్ళు అవే అప్పడాల కర్రలు పట్టుకుని, కంచాలు గరిటెలతో మోగిస్తూ వీధుల్లోకి వచ్చారు. వాళ్ళ కర్ర మొగుడి వైపు కాదు, మంత్రుల వైపు తిరిగింది. ఎవరు పెంచారు అని అడగడం అంటే అది. ఆ కర్ర మన కార్టూన్లలోకి ఎందుకు రాలేదు అన్నది ఎవరైనా పరిశోధన చేయదగ్గ విషయం.

బడ్జెట్ రోజు ఆడవాళ్ళకు ఒక గౌరవం కూడా దక్కుతుంది. ఇంటికి ఆర్థికమంత్రి ఇల్లాలే అని. అప్పు తెచ్చే అధికారం లేని, పన్ను వేసే అధికారం లేని, చాలాసార్లు లెక్క అడిగే అధికారం కూడా లేని ఆర్థికమంత్రి. నిజంగానే ఒక స్త్రీ దేశానికి ఆర్థికమంత్రి అయ్యాక, 2019 డిసెంబరులో ఉల్లి ధరల మీద లోక్‌సభలో చర్చ జరుగుతుండగా ఎవరో మధ్యలో అడిగినదానికి, తాను ఉల్లి, వెల్లుల్లి పెద్దగా తినననీ, తమ ఇంట్లో వాటితో పెద్ద పని లేదనీ నిర్మలా సీతారామన్ అన్నారు. ఆవిడ మిగతా జవాబంతా ఎగుమతులూ నిల్వల గురించే, ఈ ఒక్క మాటనే పట్టుకోవడం న్యాయం కాదని అప్పట్లో అన్నవాళ్ళున్నారు. అయినా ఆ మాట చెప్పేసింది, వంటిళ్ళన్నీ ఒకటి కావని, కులాన్ని బట్టి ఉంటాయని. సంగటీ, ఎర్రగడ్డా, ఊరిబిండీ తినే ఇంట్లో ఎర్రగడ్డ రుచికోసం వేసుకునే వస్తువు కాదు, కూరే అది.

మళ్ళీ ఆ వాక్యం దగ్గరకు. మా అమ్మ ద్రవ్యోల్బణాన్ని అదుపు చేస్తుంది. ఎలా చేస్తుంది అని ఆ తర్వాత ఒక రోజు స్టాఫ్ రూములో కూర్చోబెట్టి అడిగాను. చెప్పింది. పప్పులో బ్యాళ్ళు తగ్గించి గోగాకు ఎక్కువేసి ఎనుపుతుంది. గోగాకు కోసం పొద్దున్నే గట్ల మీద తిరుగుతుంది. నూనె గరిటెతో కాదు, స్పూనుతో. గ్యాసు నీళ్ళు కాచడానికి వాడదు, కట్టెల పొయ్యి మళ్ళీ అంటించింది. సంఘంలో అప్పు కంతు మాత్రం తప్పదు. అందరూ తిన్నాక తింటుంది. ఒక్కోసారి "ఆకలి లేదు" అంటుంది. వీటన్నిటికీ కలిపి తెలుగులో ఒక మాట ఉంది. సర్దుకోవడం. ఆ మాటలో శ్రమ ఉందని వింటే తెలియదు. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు, కుర్చీలో సర్దుకుని కూర్చున్నట్టు ఉంటుంది. అర్థశాస్త్ర పుస్తకంలో దీన్నే సబ్‌స్టిట్యూషన్ అంటారు, ఒక వస్తువు ఖరీదైతే వినియోగదారుడు మరొకటి ఎంచుకుంటాడని. ఎంచుకోవడం! గట్ల మీద తిరిగిన గంట ఏ సూచీలోనూ లేదు. 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వేలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నట్టు తేలింది. ధర పెరిగినప్పుడు డబ్బు చాలనిచోట నిమిషాలు చెల్లిస్తారు. ఆ నిమిషాలకు రేటు లేదు కాబట్టి అవి ఎంత పెరిగినా ద్రవ్యోల్బణం కాదు. జాతీయాదాయ లెక్కల్లో ఆడవాళ్ళ చాకిరీ ఎలా మాయమవుతుందో మారిలిన్ వేరింగ్ 1988లోనే పుస్తకం రాసింది. ధరల లెక్కలో కూడా అదే జరుగుతోందని నేను ఒక నోటు పుస్తకం వల్ల తెలుసుకున్నాను.

అయితే ఆ వాక్యం ఒప్పేనా? ఇప్పుడు నాకు వేరే అనుమానం. కొట్టేసినందుకు సిగ్గుపడి దాన్ని నెత్తిన పెట్టుకోవడం కూడా తేలికే. చూశారా, మన తల్లులు ఎంత సమర్థులో అనవచ్చు. అది మళ్ళీ ఆర్థికమంత్రి కిరీటమే. ఆ తల్లి ధరను అదుపు చెయ్యలేదు. ధర ఆమె మాట వినలేదు, కాయ ఆమె చేతిలోంచే వెళ్ళింది గాని. ఆమె అదుపు చేసింది ఆకలిని, మొదట తనది. కర్బ్ అంటే దవడ కింద బిగించే గొలుసు అని చెప్పాను కదా. అది బిగిసింది గుర్రానికి కాదు. ఇంగ్లీషు వాక్యంగా ఆ అమ్మాయిది సరైనదే, నిజంగా మాత్రం దానికి ఇంకో సగం కావాలి. ఆ సగం ఆమె రాయాల్సింది కాదు, నేను అడగాల్సింది.

మరుసటి ఏడాది అదే పాఠం వచ్చినప్పుడు ఆ వాక్యాన్ని, ఎవరిదో చెప్పకుండా, బోర్డు మీద రాశాను. తప్పా ఒప్పా అన్నాను. కుప్పం నుంచి వచ్చిన ఒకమ్మాయి తప్పే అంది, "మా ఇంట్లో డబ్బు నాయిన దగ్గర ఉంటాది మేడం, అమ్మ ఏం అదుపు జేస్తాది" అని. ఇంకొకతె, అందుకే గదా చెయ్యాల్సి వచ్చేది అంది. గంట కొట్టేదాకా మాట్లాడుకున్నారు, ఎక్కువ తెలుగులోనే. ఆ రోజు పోర్షన్ అవలేదు.

నేను కొట్టేసిన ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. ఆ అమ్మాయి డిగ్రీ ముగించుకుని వెళ్ళిపోయింది. పరీక్షల్లో ఆ అభ్యాసం నుంచి ఇప్పటికీ ఖాళీలు పూరించే ప్రశ్న ఇస్తారు. 'ది గవర్నమెంట్ మస్ట్' అని మొదలై, ఒక గీత, తర్వాత 'ఇన్‌ఫ్లేషన్' అని ఉంటుంది. ఖాళీ క్రియకు మాత్రమే, కర్త ముందే అచ్చయి ఉంటుంది. సరైన జవాబుకు అర మార్కు.